మంచం పక్కన మురుగు పైపు

మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు కింది పడకగది మూలనున్న ఇటుక స్తంభాన్ని చూసి, ఇల్లు కట్టేటప్పుడు ఎక్కడో లెక్క తప్పిందా అని అడుగుతుంటారు. అది నేల నుంచి కప్పు దాకా ఉంటుంది. దాని మీద ఏ బరువూ లేదు. లోపల మురుగు పైపు ఉంది. పై అంతస్తులో వాడిన నీళ్ళన్నీ అందులోంచే కిందికి దిగుతాయి. ఆ చప్పుడు గదిలోకి రాకుండా చుట్టూ ఇటుక కట్టించానని చెప్పి ఊరుకుంటాను.

కట్టించింది నా భార్య మాట వినపడడం కోసం. ఆమె పోయి ఏడాది దాటింది. ఆ గదిలోనే పోయింది.

జబ్బు ఛాతీలో మొదలైంది. అక్కడి గడ్డ గొంతుకు వెళ్ళే నరాన్ని నొక్కడంతో గొంతు పడిపోయింది. మాట పోలేదు, మాటలో శబ్దం పోయింది. పెదవులు కదిలేవి, గాలి వచ్చేది, ఆ గాలిలోనే అక్షరాలుండేవి. గది నిశ్శబ్దంగా ఉండి, దగ్గరగా కూర్చుంటే అర్థమయ్యేది. నాలుగు మాటలు అనేసరికి ఆయాసం వచ్చేది. అందుకని ఒకసారి అన్నది రెండోసారి అనేది కాదు. నాకు అర్థం కాలేదని తెలిస్తే చెయ్యి ఊపి అటు తిరిగి పడుకునేది.

రాసి చూపించమని పిల్లలు వాడే పలక ఒకటి కొని తెచ్చాను. దాన్ని చూసి, "ఇగ నన్ను బడికి తోలుతవా?" అని పక్కన పడేసింది. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి. చదవడం బాగానే వచ్చు గానీ, రాయడం సంతకం దాకానే. పైగా అప్పటికి వేళ్ళలో పట్టు తగ్గింది. ఆ పలక చాలా రోజులు మందుల కింద పళ్ళెంలా పనికొచ్చింది.

మందుల వల్ల మధ్యాహ్నం నుంచి మగతగా ఉండేది. ఆమె మాట్లాడగలిగింది పొద్దున పూట. పై ఇంట్లో స్నానాలూ బట్టలుతకడమూ పొద్దున పూటే.

ఆ పైపు అసలు గదిలోకి ఎందుకు వచ్చిందో చెప్పాలి. నేను సారపాకలో కాగితం మిల్లులో ఉద్యోగం చేశాను. ఉద్యోగం ఉన్నన్నాళ్ళు క్వార్టర్లో ఉండి, రిటైరయ్యే ముందు ఖమ్మం అంచున ఖానాపురం హవేలిలో ఇల్లు కట్టాం. కింద మేము, పైన కిరాయికి. పై బాత్రూం తూర్పు గోడను ఆనుకుని ఉంటుంది. సెప్టిక్ ట్యాంకు వాయవ్యం మూలన. పైపును తూర్పు గోడ మీద బయటి నుంచి దింపి, ఇంటి చుట్టూ తిప్పి ట్యాంకులో కలపడం సులువు. కానీ అలా తిప్పితే అది ఈశాన్యం మూల దాటి పోవాలి. నా భార్య ఒప్పుకోలేదు.

"ఈశాన్యంల దేవుడుంటడు. ఆయన నెత్తిమీదికెళ్ళి పాయిఖానా నీళ్ళు పోనిస్తవా?" అంది.

"నెత్తి మీద గాదు. భూమిల పోతది," అన్నాను.

"అయితే కాళ్ళ కింద పోతది. ఇంకింత పాపం."

వాస్తు చూడడానికి వచ్చినాయనా, మేస్త్రీ కూడా ఆమె వైపే మాట్లాడారు. చివరికి పైపును స్లాబు గుండా మా కింది గది మూలలోకి దింపి, అక్కడి నుంచి గచ్చు కిందుగా ఐమూలగా వాయవ్యానికి పంపారు. మా కాలనీలో ఇలా దేవుణ్ణి తప్పించి మనుషుల మంచాల పక్క నుంచి మురుగు పంపిన ఇళ్ళు ఇంకా ఉన్నాయి. కట్టేటప్పుడు పైన ఎవరూ ఉండరు కాబట్టి చప్పుడు సంగతి ఎవరికీ తట్టదు. మాకైతే తర్వాత కూడా పట్టలేదు. అది వచ్చిపోయే చుట్టాల గది. వాళ్ళు పొద్దున లేచి, "రాత్రంతా వాన పడ్డట్టుంది," అంటే నవ్వుకునేవాళ్ళం.

ఆమెకు జబ్బు చేశాక ఆ గదే కావాల్సి వచ్చింది. కూర్చునే పాయిఖానా ఉన్నది దానికొక్కదానికే. హాల్లో పడుకోబెడదామంటే అది రోడ్డు మీదికి ఉంటుంది, షేర్ ఆటోలు పొద్దుటి నుంచీ ఆగుతూ పోతూ ఉంటాయి. పైగా హాల్లోంచి ఆ గది బాత్రూంకు పోవాలంటే మధ్యలో రెండు మెట్లు దిగాలి.

పైన ఉన్నది పరుపులు కుట్టే కుటుంబం. తాతల నాటి నుంచి అదే వ్యాపారం. ఊళ్ళో దుకాణం ఉంది. భద్రాచలం వైపు అడవి ఊళ్ళ నుంచి వచ్చే బూరుగు దూది కొని దిండ్లూ పరుపులూ చేస్తారు. ఇంటి నిండా మనుషులు. ఆ ఇంటి ఇల్లాలు నా భార్యను అక్కా అనీ, నన్ను అన్నా అనీ పిలుస్తుంది. జబ్బు సంగతి తెలిసినప్పటి నుంచి రోజూ ఒకసారి కిందికి వచ్చి కూర్చునేది. వాళ్ళను ఖాళీ చేయమనే ఆలోచన మాకు రాలేదు. వాళ్ళు స్నానాలు మానుకోలేరు కదా.

ఆ చప్పుళ్ళు రకరకాలు. కొళాయి విప్పితే పెనం మీద నీళ్ళు చల్లినట్టు సన్నగా ఉండేది. బకెట్టు ఒంపితే ఒక్కసారిగా పెరిగి తగ్గేది. ఫ్లష్ చేస్తే పైనుంచి ఒక ముద్ద జారి వచ్చి అడుగున మలుపు దగ్గర దబ్బుమని పడేది. పీవీసీ పైపు పలచన. లోపల జరిగేదంతా బయటికి చెబుతుంది.

ఒక పొద్దున నేను చెంచాతో గంజి తాగిస్తున్నాను. ఆమె ఏదో అంది. అప్పుడే పైన నీళ్ళు ఒంపారు. నాకు మాట చివర మాత్రం చెవిన పడింది. పాలు అడుగుతోందనుకున్నాను. వెచ్చబెట్టి తెచ్చాను. ఆమె గ్లాసు వైపు చూసింది, నా వైపు చూసింది. రెండు గుక్కలు తాగింది. ఆమెకు పాలంటే ఎప్పుడూ పడదు, టీలో కూడా తక్కువ పోసుకునేది. జబ్బులో రుచులు మారతాయని ఎక్కడో చదివి ఉన్నాను కాబట్టి నాకు అనుమానం రాలేదు. బలం రావాలని డాక్టరు చెప్పాడు, పోనీ పాలైనా తాగుతోంది అనుకున్నాను. ఆ తర్వాత చాలా పొద్దుల్లో అదే మాట వినిపించింది, నేను పాలు తెచ్చాను. మా అమ్మాయికి ఫోన్ చేసి, అమ్మ పాలు అడిగి తాగుతోందని కూడా చెప్పాను. ఆమె సంతోషించింది. పై ఇంటావిడకు తెలిసి, గేదె పాలు ఎక్కడ చిక్కగా దొరుకుతాయో కనుక్కొని తన మరిదితో తెప్పించింది.

మాకు ఒక్కతే అమ్మాయి. కల్లూరులో టీచరు. హైదరాబాదు దవాఖానా వ్యవహారమంతా ఆమే చూసేది. ఎప్పుడు వెళ్ళాలో, ఏ పరీక్షలు చేయించాలో, ఎవరి కారు మాట్లాడాలో అన్నీ ఆమె చేతిలో ఉండేవి. అప్పటికి సూదుల మందు కొన్నిసార్లు అయింది. వెళ్ళి వచ్చిన ప్రతిసారీ నా భార్య వారం పది రోజులు వాంతులతో లేవలేకపోయేది. ఇంకా కొన్ని విడతలున్నాయి. పోదామా అని ఆమెను అడిగాం. తల కదిలించింది. దిండు మీద ఉన్న తల కదిలితే అది అవునో కాదో చెప్పడం కష్టం. మేము అవుననే అనుకున్నాం.

తర్వాతి విడత దగ్గర పడుతుండగా ఒక పొద్దున ఆమె నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. ఏదో కాస్త పొడుగ్గా చెప్పాలనుకుంది. మొదలుపెట్టింది. పైన ఫ్లష్ చేశారు. ఆగింది. చప్పుడు తగ్గాక మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఎవరో స్నానానికి దిగారు. నేను చెవి ఆమె నోటి దగ్గర పెట్టాను. గాలి తగిలింది, మాట అందలేదు. ఆమె మంచం మీద చేత్తో కొట్టి, మొహం గోడ వైపు తిప్పుకుంది. కోపం వచ్చినప్పుడు గట్టిగా అరిచే మనిషి. అరవడం లేకపోయేసరికి ఆ కోపానికి దారి లేదు.

ఆమె చెప్పదలచుకున్నది ఏమిటో అప్పుడు నాకు తెలియలేదు. తెలుసుకోకుండానే ఆమె పోతుందేమోనని మాత్రం ఆ రోజు భయం వేసింది. పైపు సంగతి చూడాలని అప్పుడే అనుకున్నాను.

కాలనీలో పనులు చేసే ప్లంబర్ను పిలిచాను. గది చూసి తేల్చేశాడు.

"గిదెంత పని సార్. గోడకు బొక్క కొట్టి తూర్పు దిక్కు బయటికెళ్ళి దింపుత. పొద్దున మొదలుపెడితే పొద్దుమీకేసరికి అయిపోతది."

మంచం మీద నుంచి మాట వచ్చింది. పైన నీళ్ళు పోతున్నా అది నాకు అర్థమైంది. "ఈశాన్యం."

"ఏమంటున్నరు అమ్మ?" అన్నాడు అతను.

"బయటికెళ్ళి వద్దంటుంది. దేవుడున్నడంట."

"గిప్పుడేమనడమ్మ దేవుడు. నేను మాట్లాడుత ఆయనతోని," అని నవ్వాడు.

ఆమె అతని వైపు చూసిన చూపుకు నవ్వు ఆపేసి టేపు తీసి కొలతలు మొదలుపెట్టాడు.

పైపు బయటికి పోదని తేలాక, దాని చుట్టూ ప్లైవుడ్ పెట్టె కట్టి లోపల థర్మోకోల్ నింపుదామన్నాడు. హార్డ్‌వేర్ దుకాణంలో కూడా అదే చెప్పారు. నాకూ సబబుగానే తోచింది. థర్మోకోల్ వేడిని ఆపుతుంది, చప్పుడునూ ఆపుతుందనుకున్నాం. కట్టాక పైన ఎవరో బకెట్టు ఒంపారు. ఇదివరకు పైపు చప్పుడు ఒకటే ఉండేది, ఇప్పుడు పెట్టె చప్పుడు కూడా కలిసింది. ఖాళీ డబ్బా మీద గులకరాళ్ళు పోసినట్టుంది. ప్లంబర్ పెట్టె మీద చెవి ఆనించి, "కొంచెం తగ్గింది సార్," అన్నాడు. ఎంత తగ్గిందో అతనే చెప్పలేకపోయాడు. విప్పించేశాను.

ఈ సంగతి పైకి తెలిసి ఆ ఇంటాయన, పరుపుల భాయ్, ఒక సాయంత్రం బూరుగు దూది నింపిన బొంత మోసుకొచ్చాడు. తానే పైపు చుట్టూ చుట్టి, కప్పు నుంచి నేల దాకా తాడుతో బిగించాడు. నా భార్య మంచం మీద నుంచి చూస్తూ ఉంది. ఆ సమయంలో పైన ఎవరూ నీళ్ళు వాడడం లేదు, అందుకని ఆమె అన్నది అందరికీ వినపడింది.

"బాలింతకు చుట్టినట్టు చుట్టిండ్రు. వాము గూడ తినిపియ్యుండ్రి."

భాయ్ తాడు వదిలేసి పగలబడి నవ్వాడు. అతను పైకి వెళ్ళి చెప్పాడేమో, కాసేపటికి మెట్ల మీద నుంచి అతని భార్య నవ్వు కూడా వినిపించింది.

దూదితో సన్నని చప్పుడు బాగానే తగ్గింది. కొళాయి విప్పితే తెలియడం మానేసింది. దబ్బుమనే మోత మాత్రం అలాగే ఉండిపోయింది. ఒక పొద్దున ఆ మోత వచ్చినప్పుడు నా భార్య వేలితో పైపును కాదు, తల వెనక గోడను చూపించింది. అరచెయ్యి గోడకు ఆనించి ఉంచింది. నేనూ ఆనించాను. పైన ఫ్లష్ చేసినప్పుడు గోడ సన్నగా అదిరింది. మంచం తల వైపు పట్టె ఆ గోడకు తగిలి ఉంది. చప్పుడు పైపులోంచి గదిలోకి రావడం ఒకటి, పైపును పట్టుకున్న ఇనుప క్లాంపుల గుండా గోడలోకి పోవడం ఇంకొకటి. దూది మొదటి దానికి కొంత పనిచేస్తుంది, రెండో దానికి చెయ్యదు.

మిల్లులో మోటార్లను నేల మీద నేరుగా బిగించరు. కింద రబ్బరు దిమ్మెలు వేస్తారు. వెయ్యకపోతే పక్క గదిలో బల్ల మీది గ్లాసు కూడా కదులుతుంది. ఉద్యోగమంతా చూసిన సంగతి, ఇంట్లో పైపు దగ్గర గుర్తుకు రాలేదు. అది గుర్తొచ్చాక ఫోన్లో దొరికింది చదివాను. చాలామటుకు పై దేశాల ఇళ్ళ గురించి ఉంది. వాళ్ళు వాడే సరుకులు ఖమ్మంలో దొరకవు. కానీ విషయం తేలికే. పైపు గోడకూ స్లాబుకూ గట్టిగా అంటుకోకూడదు. నీళ్ళు అడుగున నిలువునా వచ్చి ఒకేసారి మలుపు తిరగకూడదు. పైపు చుట్టూ ముందు మెత్తనిది, దాని బయట బరువైనది ఉండాలి. మెత్తనిది చప్పుడు పదును తగ్గిస్తుంది, బయటికి రాకుండా ఆపేది బరువు. ఎక్కడా సందు మిగలకూడదు.

ప్లంబర్ను మళ్ళీ పిలిచాను. క్లాంపుల కింద రబ్బరు అంటే అతనికి నచ్చలేదు.

"రబ్బర్ పెడితే పట్టుండది సార్. రేపు పైపు ఊగితే నన్నంటరు."

"అననులే. పెట్టు."

"అందరు గట్లనే అంటరు."

చివరికి ఒప్పుకున్నాడు. పంక్చర్ దుకాణం నుంచి పాత లారీ ట్యూబు తెచ్చి పట్టీలుగా కోశాం. క్లాంపులు విప్పి, రబ్బరు చుట్టి మళ్ళీ బిగించాం. స్లాబు దగ్గర పైపును పట్టుకున్న కాంక్రీటును చుట్టూ కొట్టి, ఆ సందులో కూడా రబ్బరు కూరాం. గచ్చు పగలగొట్టి, అడుగున ఉన్న ఒక్క మలుపు తీసేసి సగం సగం తిరిగే రెండు ముక్కలు వేశాం. అది మాత్రం ప్లంబరే చెప్పాడు. ఇట్లయితే లోపల చెత్త కూడా ఇరుక్కోదన్నాడు. తర్వాత పైపు చుట్టూ మందపాటి రబ్బరు షీటు, దాని మీద దూది. దూదికి తేమ తగిలితే పురుగు పడుతుందని భాయ్ దాన్ని ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి కుట్టి ఇచ్చాడు. దాని బయట పైపుకు ఎక్కడా తగలకుండా ఇటుక గోడ కట్టి సిమెంటు పూశాం. కింద పైపు శుభ్రం చేసుకోవడానికి ఒక చిన్న తలుపు, దాని అంచుకు కూడా రబ్బరు.

ఆ పని జరిగినన్నాళ్ళు పైవాళ్ళు స్నానాలకు భాయ్ అన్నగారింటికి పోయి వచ్చారు. నా భార్యను హాల్లో పడుకోబెట్టాం. షేర్ ఆటోల గోలలో ఆమె కళ్ళు మూసుకుని ఉండేది.

సిమెంటు ఆరాక గది కడిగి ఆమెను మళ్ళీ అక్కడికి మార్చాను. మంచం గోడకు జానెడు దూరంలో వేశాను. మెట్ల దగ్గర నిలబడి, ఫ్లష్ చేసి నీళ్ళు కూడా పొయ్యమని పై ఇంటావిడకు చెప్పి గదిలోకి వచ్చి కూర్చున్నాను. కాసేపు చూశాను. ఏమీ వినపడకపోయేసరికి బయటికి వచ్చి కేకేశాను.

"ఏమైందమ్మా? పొయ్యలేదా?"

"అరె, ఎప్పుడో పోసిన అన్నా! రెండు బకెట్లు పోసిన!"

"ఫ్లష్ చేసినవా?"

"అది గూడ అయింది. ఇంకా పొయ్యాల్నా?"

"ఇంకో బకెట్టు పొయ్యి."

"మీ బోరు ఎండిపోతే నన్నడగొద్దు మల్ల!"

ఈసారి నేను గది మధ్యలో నిలబడి విన్నాను. స్తంభంలో ఏదో జారినట్టు తెలిసింది. అది కూడా దాని కోసమే చెవి పెట్టి ఉన్నాను కాబట్టి. నా భార్య నా వైపు చూసి తల ఊపింది. ఈ తల ఊపడంలో అనుమానం లేదు.

మర్నాడు పొద్దున మామూలుగానే గంజి తెచ్చాను. కొన్ని చెంచాలు తాగింది. పైన స్నానాలు మొదలై ఉంటాయి, ఆ వేళే. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"సాలు."

మొదటి అక్షరం నాకు స్పష్టంగా వినిపించింది. గిన్నె కింద పెట్టాను. ఆ తర్వాత అలవాటు కొద్దీ, "పాలు తేనా?" అన్నాను.

ఆమె తల నా వైపు తిప్పింది.

"ఎవలడిగిన్రు పాలు?"

"ఇన్నాళ్ళు నువ్వే గద అడిగింది."

"నేను సాలు అన్న." ఊపిరి తీసుకుంది. "నువ్వు పాలు తెచ్చినవ్."

పుస్తకాల్లో చాలు అని రాస్తాం. మా మాటలో అది సాలు. గొంతు లేని మనిషి 'స' అంటే అది ఉత్త గాలి. పైపులో పోయే నీళ్ళ చప్పుడు కూడా అచ్చం అదే. రెండూ కలిసిపోతే మిగిలేది వెనకనున్న ముక్క మాత్రమే. దానికి ముందు అక్షరం నేను చేర్చుకున్నాను.

ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని వంగి చూశాను. నవ్వుతోంది. నవ్వుకు కూడా శబ్దం లేదు కాబట్టి వెంటనే తెలియలేదు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. లేపి కూర్చోబెట్టి వీపు రాశాను. దగ్గు తగ్గాక దిండుకు ఆనుకుని, ఒక్కొక్క మాటా విడిగా అంది.

"దవాఖానా గూడ సాలు."

ఆ రోజు పొడుగ్గా చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఇదేనా అని అడిగాను. "అవ్," అంది.

చివరి రోజుల మాటల గురించి నేను చాలా చదివాను. పుస్తకాల్లో మనుషులు ఆ రోజుల్లో ఏదో ఒక పెద్ద సంగతి చెప్పి పోతారు. ఆ గది నిశ్శబ్దమయ్యాక నేను విన్నవి ఎక్కువగా పనులే. ఎవరికి ఏ చీర ఇవ్వాలి, అటక మీద ఇత్తడి బిందె ఎవరిది, గ్యాస్ స్టవ్ ఎడమ పక్కది ఎందుకు సరిగ్గా వెలగదు. పై ఇంటావిడతో మాత్రం వేరే సంగతులు మాట్లాడేది. నేను వస్తే ఇద్దరూ ఆపేవాళ్ళు. అవి ఏమిటో నేను అడగలేదు.

దవాఖానా మాట విన్న రోజే మా అమ్మాయికి ఫోన్ చేశాను. అమ్మ ఇక రానంటోందని చెప్పాను.

"నాన్నా, నువ్వు సరిగ్గ విన్నవా?"

"విన్న. స్పష్టంగ చెప్పింది."

"మొన్నటిదాకా పాలు అడుగుతుందని చెప్పింది గూడ నువ్వే గద."

ఆమె అడిగింది పాలు కాదు, సాలు అన్నదని ఫోన్ తీయగానే చెప్పి ఉన్నాను.

"నేను కారు మాట్లాడిన. మానేది లేదు. ఎల్లుండి పొద్దున్నే వస్త. అమ్మను తయారు చేసి పెట్టు," అని పెట్టేసింది.

అమ్మాయి మొండిది కాదు. తల్లి బతకాలని ఆమెకుంది. వాళ్ళమ్మ నోటి నుంచి ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు, మధ్యలో ఉన్నది నేను. నా చెవి మీద నమ్మకం పెట్టి తల్లి వైద్యం మానమంటే నేనైనా మానను. ఎల్లుండి పొద్దున అంటే పై ఇంట్లో సరిగ్గా స్నానాల వేళ. ఆ గోడ ఎంతవరకు ఆపుతుందో, ఆమె ఓపిక ఎంతవరకు ఉంటుందో తెలియదు. నేను ఆమెను తయారు చెయ్యలేదు. జుట్టు మాత్రం దువ్వాను.

అమ్మాయి వచ్చేసరికి పైన బకెట్ల చప్పుడు మొదలైంది. అది కిటికీలోంచి వస్తోంది, స్తంభంలోంచి కాదు. లేచి కిటికీ మూశాను. అమ్మాయి దవాఖానా కాగితాల సంచి కుర్చీలో పెట్టి, బీరువా తెరిచి చీర తీసింది.

"అమ్మా, లే. చీర మార్చుకుందాం. కారు బయట్నే ఉంది."

నా భార్య చెయ్యి చాచి చీర కొంగు పట్టుకుంది. ఆపడానికి.

"బిడ్డా. సాలు."

అమ్మాయి నా వైపు చూసింది. తల్లి పక్కన మంచం మీద కూర్చుంది.

"ఏం సాలు అమ్మా?"

"సూదులు. కారు. గా వాంతులు." ఊపిరి కోసం ఆగింది. "అన్ని సాలు."

"ఇంకో రెండుసార్లు అమ్మా. తగ్గే అవకాశం ఉందని డాక్టర్ చెప్పిండు గద."

"నీకు చెప్పిండు. నన్ను అడగలే."

"మేమడిగినం గదమ్మా! పోదామా అంటే తల ఊపినవ్."

"మెడ నొచ్చి ఊపిన."

అప్పుడే పైన ఎవరో ఫ్లష్ చేశారు. గదిలో తెలిసీ తెలియనట్టు ఏదో జారింది. నా భార్య ఆగకుండా మాట్లాడుతూనే ఉంది.

"ఇంట్ల ఉంట. నువ్వు బడి లేనప్పుడు రా. కూసో. గంతే."

అమ్మాయి చీరను మడత విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బయట డ్రైవరు హారన్ కొట్టాడు. ఎవరూ కదలలేదు. మళ్ళీ కొట్టాడు. అమ్మాయి నా వైపు తిరిగి, "పొమ్మను నాన్నా," అంది.

నేను బయటికి వెళ్ళాను. ఇవ్వాళ ప్రయాణం లేదని చెప్పాను. మళ్ళీ ఎప్పుడు రమ్మంటారని డ్రైవరు అడిగాడు. ఇక అవసరం లేదన్నాను. అతను గది కిటికీ వైపు ఒకసారి చూసి, బండి తిప్పుకున్నాడు.

లోపలికి వచ్చేసరికి అమ్మాయి కళ్ళు తుడుచుకుని కాగితాల సంచిని బీరువాలో పెడుతోంది. తాళం వేసి వచ్చి తల్లి దగ్గర కూర్చుంది.

"మరి ఇప్పుడేం కావాలె నీకు?"

"ఆకలైతుంది."

"గంజి పొయ్యాల్నా?"

నా భార్య మొహం చిట్లించింది. "తొక్కు."

"మామిడికాయ తొక్కా? కారం తినొద్దన్నరమ్మా."

"ఎవలు?"

నేను వంటింట్లోంచి పచ్చడి జాడీ తెచ్చాను. ఆ వేసవిలో ఆమె దవాఖానాలో ఉంది కాబట్టి తొక్కు పెట్టింది నేనే. చెంచా కొసతో కొంచెం తీసి నాలుక మీద పెట్టాను. మంట పుడుతుందేమోనని అమ్మాయి నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడింది. నా భార్య కళ్ళు మూసుకుని కాసేపు చప్పరించింది. మింగింది. గ్లాసు వద్దంది.

"ఉప్పు తక్కువైంది," అంది. "ఇట్లుంటే బూజు పడతది. ఇయ్యాల్నే కలుపుండ్రి."

అమ్మాయి జాడీ తీసుకుని ఉప్పు డబ్బా కోసం వంటింట్లోకి వెళ్ళింది.